డాబా మీద పడవ ట్రయల్

ట్రయల్ వేయకుండా పరంధామయ్య ఏ పనీ చేయడు.

కొత్త చెప్పులు కొంటే వాటిని ముందు ఇంట్లోనే వేసుకుని తిరుగుతాడు. అవి తన నడకను అర్థం చేసుకున్నాయని నమ్మకం కుదిరాకే గేటు దాటిస్తాడు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ముందురోజు సాయంత్రం పడక్కుర్చీలో వాలి, నోరు బార్లా తెరుచుకుని, అరగంట కదలకుండా ఉంటాడు. ఆ సమయంలో ఎవరైనా వచ్చి "బాగున్నరా సార్?" అంటే "ఆఁ... ఆఁ..." అని డాక్టరుకు చెప్పినట్టే చెబుతాడు. నాచారంలో ఆయన ఉండే వీధికి ఇది అలవాటే. ఒకసారి కొత్తగా వచ్చిన కొరియర్ మనిషి మాత్రం బెదిరిపోయి పక్కింటివాళ్ళను పిలుచుకొచ్చాడు.

ఇది ఉద్యోగం నేర్పిన పద్ధతి అంటాడాయన. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో యంత్రాల విభాగంలో పనిచేశాడు. అక్కడ ఏ యంత్రాన్నయినా ముందు ఖాళీగా తిప్పి చూసేవారట.

భార్య తారామణి ఒప్పుకోదు. "ఉద్యోగం రాకముందు సుత గంతే" అంటుంది. ఆమె దగ్గర సాక్ష్యం ఉంది. పెళ్ళిచూపులకు ముందురోజు జనగామలో వాళ్ళింటి ముందుకు సన్నటి యువకుడొకడు వచ్చి మంచినీళ్ళు అడిగాడు. తారామణి తల్లి చెంబుతో ఇచ్చింది. అతను నీళ్ళు తాగి, అరుగు ఎత్తు చూసి, ద్వారబంధానికి తల తగులుతుందేమో చూసి, బస్టాండు ఎంత దూరమో కనుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాడు పెళ్ళికొడుకుగా అదే మనిషి దిగాడు.

"నిన్న నీళ్ళు తాగిపోయిన పిలగాడివి నువ్వే గదా?" అని తారామణి తల్లి అందరి ముందూ అడిగేసింది.

"అవునత్తమ్మా. నిన్నటిది ట్రయల్."

అప్పటికింకా సంబంధమే ఖాయం కాలేదు. ఆ 'అత్తమ్మా' కూడా ట్రయలే అయి ఉంటుందని తారామణికి ఇప్పటికీ అనుమానం.

విచిత్రం ఏమిటంటే, ఆయన ట్రయల్స్ అన్నీ బ్రహ్మాండంగా జరుగుతాయి. అసలు పని మాత్రం ఇంకోలా జరుగుతుంది. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్‌కు టికెట్లు దొరికినప్పుడు ముందురోజే ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వెళ్ళి, ఏ సందులోంచి నడవాలో, ఎక్కడ ఆగి చెరుకురసం తాగాలో అన్నీ ఆచరించి చూపించాడు. మ్యాచ్ రోజు పోలీసులు సరిగ్గా ఆ సందే మూసేశారు. రిటైర్మెంటు సభకు ముందురోజు ఉపన్యాసం ట్రయల్ వేస్తానంటే, సెక్షన్ వాళ్ళు సరదాకి పూలదండ కూడా తెప్పించారు. ఆయన ఎంత బాగా మాట్లాడాడంటే సగం మంది అక్కడే ఏడ్చేశారు. మర్నాడు అసలు సభలో ఎవరి దగ్గరా కన్నీళ్ళు మిగల్లేదు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ అందరూ సమోసాల వైపు చూశారు.

"నీ ట్రయల్లన్ని ఫస్టు క్లాసుల పాసైతయి బావా. అసలు పరీక్షకే పేపర్ మారుస్తరు" అంటాడు కనకరాజు. అతను తారామణికి తమ్ముడు. ఉప్పల్ చౌరస్తా దగ్గర శానిటరీ సామాన్ల దుకాణం నడుపుతాడు. ప్రపంచంలో ఏ పనైనా వీడియో చూస్తే వచ్చేస్తుందని అతని నమ్మకం.

అలాంటి పరంధామయ్య చేతికి, కనకరాజు కూతురు ధనశ్రీ ఒక విదేశీ పడవను అందించింది.

ఆ అమ్మాయి ఆఫీసు పని మీద ఆర్నెల్లు ఇంగ్లండులో ఉండి వచ్చింది. అక్కడ వెనకటి రోజుల్లో సరుకు మోయడానికి తవ్విన కాలువలు ఊళ్ళ మధ్య నుంచీ పొలాల మధ్య నుంచీ పోతాయట. ఇప్పుడు వాటి మీద సరుకు పోవడం లేదు. పొడుగ్గా, సన్నగా ఉండే పడవలను వారానికింతని అద్దెకిస్తారు. లోపలే మంచాలు, వంటగది, స్నానాలగది. నడిపేవాడు ఎవడూ రాడు, మనమే నడుపుకోవాలి. ఆగస్టులో వెళ్దాం అంది ధనశ్రీ. దుకాణం నేను చూసుకుంటానని ఆమె తల్లి ముందే తప్పుకుంది కాబట్టి తను, నాన్న, అత్త, మామ.

"గంటకు ఎంత స్పీడు పోతది?" అన్నాడు కనకరాజు.

"మనిషి నడిచినంత నాన్నా."

"నడిచినంత స్పీడుకు విమానమెక్కి గంత దూరం పోవుడెందుకే?"

"సాయంత్రం పూట ఉప్పల్ నుంచి నాచారం రానీకి నీ కారుకు గంత స్పీడు సుత ఉండదు బామ్మర్దీ" అన్నాడు పరంధామయ్య. అప్పటికే ఆయన కళ్ళలో వెలుగు వచ్చేసింది. "పొడుగెంత? వెడల్పెంత? బ్రేకులు ఎక్కడుంటయి బిడ్డా?"

"బ్రేకులుండవు మామయ్యా."

"బ్రేకులే ఉండయా!"

ఆయన లేచి నిలబడ్డాడు. ఇంతగా ట్రయల్ అవసరమైన వస్తువు జీవితంలో ఆయనకు ఎదురుకాలేదు.

తారామణి మాత్రం ధనశ్రీ ఫోనులో ఒక్క ఫోటో దగ్గరే ఆగిపోయింది. పడవలో వంటగది. పొయ్యి పక్కన కిటికీ. కిటికీకి కాస్త కిందే నీళ్ళు. ఆ నీళ్ళలోంచి ఒక బాతు మెడ చాచి, ఇవాళ ఏం కూర అని అడుగుతున్నట్టు లోపలికి చూస్తోంది. తారామణి ఇన్నేళ్ళుగా వంట చేస్తున్న కిటికీకి అవతల పక్కింటి గోడ ఉంటుంది, గోడ మీద ఒక పైపు ఉంటుంది. ఆ రెండూ ఎన్నడూ కదల్లేదు. కదిలే కిటికీ దగ్గర నిలబడి ఒక్కసారి చాయ్ పెట్టాలని ఆమెకు ఎంత కోరిక పుట్టిందంటే, ఫోను తిరిగి ఇవ్వడం మరిచిపోయింది.

వేలు తగిలి తరువాతి ఫోటో వచ్చింది. గట్టు మీంచి పడవలోకి ఎవరో కాలు వేస్తున్నారు. మధ్యలో జానెడు సందు. సందులో నల్లటి నీళ్ళు.

తారామణి ఫోను ఇచ్చేసింది.

రెండేళ్ళ కింద ఆమె బాత్రూం గడప దగ్గర జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. చెయ్యి అతుక్కుంది. కాలికి దెబ్బే తగల్లేదు గానీ, అప్పటినుంచి కాలు మాట వినడం మానేసింది. ముందర ఖాళీ కనిపిస్తే చాలు, లేవదు. మెట్రో ఎస్కలేటరు ముందు, రైలుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు ముందు, మూత లేచిపోయిన మోరీ ముందు బిగుసుకుపోతుంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కుదామంటే "ఆటోల అయితే గాలొస్తది" అంటుంది. చర్లపల్లి నుంచి రైలుకు పోదామంటే "కారుల అయితే నడుమ నడుమ ఆగి చాయ్ తాగొచ్చు" అంటుంది. ఆమెకు గాలి అన్నా చాయ్ అన్నా ప్రాణమని అందరూ నమ్మేశారు.

"వచ్చే నెల మొదటి ఆదివారం లోపల ఖాయం చెయ్యాలె అత్తమ్మా. లేకుంటే వేరేటోళ్ళకు ఇచ్చేస్తరు" అంది ధనశ్రీ.

"సూద్దాం తియ్యి" అంది తారామణి. రానని చెప్పడానికి అప్పటిదాకా సమయం ఉంది కదా అనుకుంది.

మర్నాడు తెల్లారేసరికి పరంధామయ్య చేతిలో టేపుతో డాబా మీద పాకుతున్నాడు. పడవ వెడల్పు ఏడడుగులకు కాస్త తక్కువ. దాంతో పేచీ లేదు. పొడవు మాత్రం యాభై ఏడడుగులు. డాబా అంత లేదు. ఇంకొకరైతే పడవను కాస్త కుదించుకునేవారు. ఆయన పడవ ముక్కును పిట్టగోడ దాటించి పక్కింటి డాబా మీదికి పంపాడు. పక్కింట్లో ఉండేది శారద టీచరు. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకుని చాలా ఏళ్ళయినా ఆమె మాట అక్కడిదే.

"ఏవిటండీ అన్నయ్యగారూ, మా డాబా కొలుస్తున్నారు?"

"మీ డాబా గాదు టీచరమ్మా. గిది పడవ ముందరి బెడ్రూం."

"మా వడియాలు ఎండేది అక్కడేనండీ!"

"ఎండనియ్యున్రి. మా కనకరాజు జర జరిగి పండుకుంటడు."

గీతలు గీసే పని తారామణికి పడింది. ముగ్గుపిండి గాలికి ఎగిరిపోతుందని సున్నం కలుపుకుంది. వంగి ఒక చివర నుంచి ఇంకో చివరకు తిన్నగా గీత లాగింది. మంచాలు, బల్ల, పొయ్యి, అన్నీ గళ్ళు గళ్ళుగా గీసింది. వంటగది దగ్గర కిటికీ మాత్రం కొంచెం పెద్దది గీసింది. ముందుభాగం బోసిగా ఉందని తామరపువ్వు వేసింది.

"పడవకు పువ్వెందుకే?" అన్నాడు పరంధామయ్య.

"గంత పొడుగు గీసి మొకం ఖాళీగ ఇడుస్తరా ఎవలన్న?"

ఆ రోజు నుంచి డాబా మీద ఒకటే చట్టం. గీత లోపలంతా పడవ. గీత బయటంతా నీళ్ళు. ఆదివారాల్లో కనకరాజూ ధనశ్రీ ఉప్పల్ నుంచి వచ్చి పడవలో కూర్చునేవారు. కనకరాజు ఫోను మోగగానే అలవాటుగా మాట్లాడుతూ గీత దాటేవాడు.

"బామ్మర్దీ, నీళ్ళల్ల పడ్డవ్."

"పడితే పడ్డ గని, ఈడ సిగ్నల్ మంచిగున్నది బావా. జర చాయ్ ఇటు అందియ్యున్రి."

"నీళ్ళల్లున్నోనికి చాయ్ ఎట్ల ఇస్తరు? ఎక్కు ముందుగాల!"

లోపల కూడా సుఖం లేదు. పడవలో నడవ ఎంత సన్నమంటే ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి పోవాలి. కనకరాజు ఎదురుపడితే ఇద్దరూ వెనక్కి పోవాలి. అతని పొట్ట గీత బయటికి వచ్చినప్పుడల్లా పరంధామయ్య "తడుస్తున్నది, తడుస్తున్నది" అని హెచ్చరించేవాడు.

పడవలో మరుగుదొడ్డికి డబ్బా ఒకటి ఉంటుందనీ, అది నిండితే మనమే మోసుకెళ్ళి పారబోయాలనీ ధనశ్రీ చెప్పినప్పుడు అందరి చూపూ కనకరాజు మీదికి మళ్ళింది. ఆ పని శానిటరీ వ్యాపారికే దక్కాలని పరంధామయ్య తీర్పు చెప్పాడు. నీళ్ళు నింపిన పెయింటు డబ్బా పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళిరావాలి. చుక్క తొణకకూడదు, మొహంలో ఏమీ కనిపించకూడదు. కనకరాజు మంత్రిగారిలా తలెత్తి నడిచాడు. వీధి మలుపులో ఎవరో "ఏంది సేఠ్, డబ్బాల?" అనేసరికి సగం డబ్బా ప్యాంటు మీద పోసుకున్నాడు.

"గిది ట్రయల్ కాబట్టి నీళ్ళు" అన్నాడు పరంధామయ్య గంభీరంగా.

తరువాత లాకుల వంతు వచ్చింది. కాలువ మట్టం మారేచోట ముందొక గేటు, వెనకొక గేటు ఉంటాయి. పడవ మధ్యలో ఆగాక నీళ్ళు నింపి పైకి లేపుతారు, లేదా వదిలి కిందికి దింపుతారు. "మా గోదారి కాలవల మీద ఎన్ని లేవండీ లాకులు!" అంది శారద టీచరు. పరంధామయ్యకు వెంటనే ప్రహరీ గేటూ, వరండా ఇనపగేటూ కనిపించాయి. వాటి మధ్య పడవగా దేన్ని నిలపాలా అని చూస్తుంటే కూరగాయల మొగిలయ్య తోపుడుబండితో వచ్చాడు.

"మొగిలయ్యా, నీ బండికి బ్రేకులున్నయా?"

"తోపుడుబండికి బ్రేకులేంది సారూ?"

"అయితే గదే గావాలె. లోపలికి తోలు."

బండి లోపలికి రాగానే వెనక గేటు మూసేశాడు. ముందుగేటు తెరవలేదు. నీళ్ళు నిండేదాకా తెరవకూడదు కదా. మొగిలయ్య రెండు గేట్ల మధ్య టమాటాలతో పాటు నిలబడ్డాడు. బయట బేరాలు గుమిగూడాయి.

"సారూ, ఇంకెప్పుడు నిండుతయి నీళ్ళు? కొత్తిమీర వాడువడుతున్నది."

"సగమే నిండినయి. తొందరవడితే పడవ తిరగవడ్తది."

"మా ఇంటికి మంజీర నల్లా నీళ్ళు సుత గింత లేటుగ రావు సారూ!"

మొగిలయ్యను ఊరడించడానికి తారామణి కొత్తిమీరంతా తనే కొనేసింది. ఆ వారమంతా ఇంట్లో కొత్తిమీర పచ్చడి, కొత్తిమీర చారు, కొత్తిమీర అన్నం. పరంధామయ్య ప్రతి ముద్దకూ "పడవల గిట్లనే ఉన్నది తినాలె" అని సర్దుకున్నాడు.

ఇన్నిటిలో ఆయన పాసుకాని ట్రయల్ ఒక్కటే. పడవ ఎక్కడం.

దీని కోసం డాబా మీద పాత దివాను తెచ్చి వేశాడు. అది పడవ. దాని ముందు ఎత్తయిన చెక్కపెట్టె. అది గట్టు. మధ్యలో సందు, సందు దగ్గర పట్టుకోవడానికి బట్టలారేసే తీగ కట్టిన ఇనప గుంజ. కింద పడితే దెబ్బ తగలకుండా బొంత. ఏం లాభం? రోజూ పెట్టె మీద నిలబడతాడు, ఒక కాలు చాస్తాడు, "అయ్యో" అంటాడు, బొంత మీద పడతాడు. ఒకరోజు లుంగీ అడ్డం వచ్చింది. ఒకరోజు కళ్ళజోడు జారింది. ఒకరోజు కారణం కూడా లేకుండానే పడ్డాడు.

"ఏందయ్యా, మిషన్లు నడిపినోనివి! పెట్టె దిగుడు రాదా?" అంది తారామణి.

"నాకు సందు గనవడంగనే కాలు వస్తలేదు తారా."

తారామణికి అనుమానం వచ్చింది. తన జబ్బే ఈయనకూ పట్టుకుందా ఏమిటి? జాలితో పాటు, అంతకన్నా ఎక్కువగా చిరాకు వచ్చింది. "కాలుకేమైంది? నువ్వు ముందుగాల కాలు సాపుతవు, గదే తప్పు. గుంజ పట్టుకో. పట్టుకున్నంక నిలవడు. నిలవడ్డంక కాలు."

"గట్లనే చేసిన గదా."

"ఏడ చేసినవ్? జరుగు. గిట్ల!"

ఆయన చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో గుంజ పట్టుకుని చూపించింది. మరుసటి రోజు ఆయన మళ్ళీ పడ్డాడు. మళ్ళీ చూపించింది. ఆమె కోపంలో ఉన్నప్పుడు కాలు కూడా కొంచెం భయపడి లేచేది. అది చదునైన డాబా, కింద బొంత, పక్కన మొగుడి చెయ్యి. నల్లటి నీళ్ళ మీద ఇది పనిచేయదని ఆమెకు తెలుసు. రోజులు గడిచేకొద్దీ ఆమెకు సున్నంతో గీసిన ఆ వంటగదిలో నిలబడటం ఎక్కువ ఇష్టమవుతోంది, రానని చెప్పడం ఎక్కువ కష్టమవుతోంది.

ధనశ్రీకి జవాబు చెప్పాల్సిన ఆదివారం రానే వచ్చింది. పొద్దున్నే మొక్కలకు నీళ్ళు పోయడానికి చెంబు పట్టుకుని మెట్లెక్కుతూ తారామణి ఏం చెప్పాలో నోట్లోనే అనుకుంటోంది. "నాకు పచ్చళ్ళ పనున్నది బిడ్డా... ఆగస్టుల పచ్చళ్ళేంది అంటది. శ్రావణమాసం, నోములున్నయి బిడ్డా... అవును, నోములే మంచిగున్నది." రెండోసారి ఇంకొంచెం దిగులు కలిపి అంది. మూడోసారి అనబోతూ ఆగింది. ఇన్నేళ్ళ కాపురంలో తనకూ ట్రయల్ రోగం అంటుకుందని అప్పుడు తెలిసింది.

డాబా మీద ఎవరో కదులుతున్న చప్పుడు. నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి తొంగి చూసింది.

పరంధామయ్య ఒక్కడే ఉన్నాడు. లుంగీ ఎగ్గట్టి, చెక్కపెట్టెను రెండు చేతులతో నాలుగు వేళ్ళంత దూరం వెనక్కి జరిపాడు. పెట్టె మూలలకు అంటిన సున్నం నేల మీద గుర్తులు వదిలింది. అలాంటి గుర్తులు అక్కడ ఇంకా ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి. మొదటిది దివానుకు జానెడు దూరంలో ఉంది. ఇప్పటిది దానికి రెండింతలు.

ఆయన పెట్టె ఎక్కాడు. గుంజ కూడా పట్టుకోకుండా, వాన గుంట దాటే బడిపిల్లాడిలా దివాను మీదికి సునాయాసంగా అడుగు వేశాడు. అక్కడి నుంచి మళ్ళీ పెట్టె మీదికి, పెట్టె మీంచి మళ్ళీ దివాను మీదికి. సందు సరిపోయిందన్నట్టు తల ఊపాడు. అప్పుడు బొంత దులిపి పరిచి, మళ్ళీ పెట్టె ఎక్కి, మొహం దీనంగా పెట్టి, "అయ్యో" అని పడ్డాడు.

లేచి కూర్చుని ఆలోచించాడు. నచ్చలేదు. 'అయ్యో' ముందుగా వచ్చేసింది. ఇంకోసారి ఎక్కాడు. ఈసారి ముందు కాలు జారింది, తరువాత "అయ్యయ్యో... తారా!" అని చెయ్యి గాలిలో ఊగింది, ఆ తరువాత మనిషి పడ్డాడు. బొంత మీద వెల్లకిలా పడుకుని తృప్తిగా నవ్వుకున్నాడు.

తారామణి కొంగు నోట్లో కుక్కుకుంది. లోకంలో పడకుండా ఉండటానికి అభ్యాసం చేసేవాళ్ళున్నారు. పడటానికి ట్రయల్ వేసే మనిషి తనకే దొరికాడు.

నవ్వు ఆగాక మామగారు గుర్తొచ్చారు. ఆయనకు స్కానింగు తీయాలన్నప్పుడు, ఆ గొట్టంలాంటి మిషనులో పడుకోవడం ఎలా ఉంటుందోనని పరంధామయ్య ముందురోజు మంచం కింద దూరి, పక్కన మిక్సీ తిప్పించుకుని, "భయమైతున్నది నాయనా" అని గోల చేశాడు. "గింత దానికి భయమేందిరా, సిగ్గుండాలె" అని తిట్టి ముసలాయన మర్నాడు ఛాతీ విరుచుకుని లోపలికి వెళ్ళాడు. అందరూ కొడుకును చూసి నవ్వారు. తండ్రి వణుకు ఒక్కరి కంటా పడలేదు. అప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వింది తనే.

మొక్కలకు నీళ్ళు పోయకుండానే, చప్పుడు చేయకుండా దిగిపోయింది.

పదిగంటలకు కనకరాజూ ధనశ్రీ వచ్చారు. డాబా మీద అందరూ పడవలో సర్దుకున్నాక, "అత్తమ్మా, ఇయ్యాల చెప్పాలె. ఖాయమేనా?" అంది ధనశ్రీ, ఫోను చేతిలో పట్టుకుని.

తారామణి జవాబు చెప్పేలోపే పరంధామయ్య "ఒక్క నిమిషం బిడ్డా, ఎక్కుడు ట్రయల్ ఒక్కటి మిగిలింది" అంటూ పెట్టె ఎక్కాడు. కాలు చాచాడు. కాలు జారింది, "అయ్యయ్యో... తారా!" అన్నాడు, చెయ్యి గాలిలో ఊగింది, పడ్డాడు. వరసలో ఒక్కటి తప్పలేదు.

"ఏం మనిషివి బావా! ఆగస్టుల నిన్ను క్రేనుతోని ఎక్కియ్యాలె" అని కనకరాజు విరగబడి నవ్వాడు.

తారామణి చెయ్యి అందించలేదు. కొంగు దోపుకుని, మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"పొద్దుగాల పడ్డదే మంచిగుండె" అంది.

పరంధామయ్య మొహం అలాగే నిలిచిపోయింది. ఇలాంటి మాట వస్తే ఏ మొహం పెట్టాలో ఆయన చూసుకోలేదు. బొంత అంచు సర్దాడు.

"పొద్దుగాల్నా? ఏమైంది పొద్దుగాల?" అంటున్నాడు కనకరాజు.

అతనికి ఎవరూ చెప్పలేదు. తారామణి పెట్టె ఎక్కింది. గుంజ పట్టుకుంది. కిందికి చూసింది. సందు వెడల్పుగానే ఉంది, కాలు ఎప్పటిలాగే ఒక్క క్షణం మొండికేసింది. ఈసారి దాన్ని కోప్పడే అవసరం రాలేదు. పొద్దుటి 'అయ్యో' గుర్తొచ్చి నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే కాలు లేచింది. దివాను కిర్రుమంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆమె పడవలో నిలబడింది.

"ఖాయం చెయ్యి బిడ్డా" అంది ధనశ్రీతో. "నేను వస్తున్న. మీ నాయన డబ్బా మోసుడు సూడాలె."

సాయంత్రం కనకరాజు వాళ్ళు వెళ్ళాక పరంధామయ్య చాలాసేపు భార్యకు ఎదురుపడకుండా తిరిగాడు. చివరికి చాయ్ కోసం దొరికిపోయాడు.

"నీకెట్ల తెల్సింది?" అంది తారామణి గ్లాసు అందిస్తూ.

ఆయన గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "ఆటోల అయితే గాలొస్తదని మెట్రో ఒద్దంటివి. ఆటోల కూసోంగనే మొకానికి కొంగు అడ్డం వెట్టుకుంటివి. గాలి ఇష్టమున్నోళ్ళు గట్ల చేస్తరా?"

"మరి గప్పుడే అడగాలె గదా?"

"అడిగితే ఏమంటవు? నాకేం భయం, నేను బాగనే ఉన్న అంటవు. గందుకే..." గందుకే ఏమిటో చెప్పడానికి సిగ్గుపడి ఒక గుటక వేశాడు.

తారామణి తన గ్లాసు తీసుకుని పక్కన కూర్చుంది. తరువాత అసలు సంగతి అడిగింది. "ఆడ నీళ్ళుంటయి. బొంత ఉండదు. నా కాలు గప్పుడు సుత గిట్లనే వస్తదంటవా?"

"వస్తది."

"రాకుంటె? నిజంగ పడితె?"

"ఫికర్ జెయ్యకు. ఎనుకనే నేను సుత పడ్త" అన్నాడు పరంధామయ్య పూర్తి ధీమాగా. "నాకు మస్తు ప్రాక్టీసున్నది."